డేవిస్ కప్‌లో మన జట్టు ఏ మెట్టు మీద ఉంది? గెలుపోటముల్లో సొంత కోర్టు లెక్క

2025 సెప్టెంబరులో మన పురుషుల టెన్నిస్ జట్టు స్విట్జర్లాండ్ వెళ్లి, బీల్ నగరంలో ఆతిథ్య జట్టును 3-1తో ఓడించింది. దేశాల పురుషుల జట్లు తలపడే టెన్నిస్ పోటీ డేవిస్ కప్‌లో, ఐరోపా గడ్డ మీద ఆ ఖండపు దేశాన్ని మనం ఓడించడం 1993 తర్వాత అదే మొదటిసారి. ఇంత పెద్ద వార్త వస్తే కాకినాడ నుంచి నరసాపురం దాకా ఆటల మీద ఇష్టం ఉన్నవాళ్లంతా సంబరపడ్డారు. ఆ వెంటనే అందరికీ వచ్చిన అనుమానం ఒకటే: "ఇంతకీ కప్పు మనకొచ్చినట్టా, రానట్టా?"

రాలేదు. ఫైనల్‌కీ వెళ్లలేదు. అయినా అది చిన్న గెలుపు కాదు. ఎందుకో తెలియాలంటే ఈ పోటీ ఎలా నడుస్తుందో మొదటి నుంచీ చూడాలి. క్రికెట్ వరల్డ్ కప్ లాగా ఒక నెలలో మొదలై ముగిసేది కాదిది. ఏడాది పొడవునా, ఏ ఇద్దరికి పడితే వాళ్ల మధ్య, ఎవరో ఒకరి ఊళ్లో జరుగుతూ పోతుంది. గందరగోళమంతా అక్కడే.

టై, రబ్బర్: ఒక పోరులో ఐదు మ్యాచ్‌లు

రెండు దేశాల మధ్య జరిగే మొత్తం పోరును 'టై' అంటారు. స్కోరు సమం కావడానికీ దీనికీ సంబంధం లేదు. టైలో ఒక్కో మ్యాచ్ పేరు 'రబ్బర్'. మామూలుగా ఒక టైలో ఐదు రబ్బర్లు ఉంటాయి: నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్. ముందుగా మూడు గెలిచిన దేశానిదే టై.

మొదటి రోజు రెండు సింగిల్స్. ఒక జట్టు నంబర్ వన్ ఆటగాడు అవతలి జట్టు నంబర్ టూతో ఆడతాడు. రెండో రోజు ముందు డబుల్స్, ఆ తర్వాత నంబర్ వన్‌లు ఇద్దరూ తలపడతారు, ఇంకా అవసరమైతే నంబర్ టూలు. రెండో రోజు ఆడే సింగిల్స్‌నే రివర్స్ సింగిల్స్ అంటారు. కోర్టు పక్కనే కుర్చీలో జట్టు కెప్టెన్ కూర్చుని, ఆటగాడు కోర్టులో వైపు మారినప్పుడల్లా సలహా ఇస్తుంటాడు. రెండో రోజు ఆటగాణ్ని మార్చే వీలు కూడా ఉంటుంది.

బీల్‌లో జరిగింది చూస్తే ఇదంతా సులువుగా తెలుస్తుంది. మొదటి రోజు దక్షిణేశ్వర్ సురేశ్ జెరోమ్ కిమ్‌ను 7-6, 6-3తో ఓడించాడు. మధురై కుర్రాడు సురేశ్ అప్పటికి 600 దాటిన ర్యాంకులో ఉన్నాడు, కిమ్ అతనికంటే కొన్ని వందల స్థానాలు పైన. తర్వాత సుమిత్ నగాల్ మార్క్ ఆండ్రియా హ్యూస్లర్‌ను వరస సెట్లలో గెలిచాడు. 2-0. మర్నాడు డబుల్స్‌లో శ్రీరామ్ బాలాజీ, మన హైదరాబాదీ రిత్విక్ చౌదరి బొల్లిపల్లి మొదటి సెట్ గెలిచి కూడా మూడో సెట్‌లో 5-7తో ఓడారు. 2-1. అప్పుడు స్విస్ జట్టు కిమ్‌ను పక్కనబెట్టి, ఆ ఏడాదే ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచిన హెన్రీ బెర్నెట్‌ను దింపింది. నగాల్ అతణ్ని 6-1, 6-3తో ఓడించాడు. మూడు పాయింట్లు వచ్చేశాయి కాబట్టి ఐదో రబ్బర్ అవసరమే రాలేదు.

గోదావరి జిల్లాల్లో టీమ్ పోటీ అనగానే గుర్తొచ్చేది అమలాపురం సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఆడిన బ్యాడ్మింటన్ థామస్ కప్. 2022లో బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి ఆ కప్పు మొదటిసారి మనకు తెచ్చిన జట్టులో సాత్విక్, చిరాగ్ జోడీ రెండో పాయింట్ అందించింది. అక్కడా ఐదు మ్యాచ్‌లే, కానీ మూడు సింగిల్స్, రెండు డబుల్స్. అంటే ముగ్గురు మంచి సింగిల్స్ ఆటగాళ్లు, రెండు గట్టి జోడీలు ఉండాలి. డేవిస్ కప్‌లో నాలుగు సింగిల్స్‌నూ మామూలుగా ఇద్దరే ఆడేస్తారు. వాళ్లే డబుల్స్‌లో కూడా దిగవచ్చు. కాబట్టి టెన్నిస్ పెద్దగా వేళ్లూనుకోని దేశంలో కూడా ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లు ఒకే కాలంలో దొరికితే చాలు, పెద్ద దేశాలకు టెన్షన్ మొదలవుతుంది. మన చరిత్ర అంతా దాదాపు అదే.

రెండో తేడా ఇంకా పెద్దది. థామస్ కప్‌కి జట్లన్నీ ఒకే నగరానికి వస్తాయి. డేవిస్ కప్‌లో చివరి అంచె, అట్టడుగు ఖండ గ్రూపులు తప్ప మిగతా టైలు మామూలుగా రెండు దేశాల్లో ఒకరి గడ్డ మీద జరుగుతాయి.

ఒక అంచె గెలిస్తే పై అంచెకు, ఓడితే కిందికి

మన కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఒక్కసారిగా పైకి ఎక్కేది కాదు. ఒక గదిలో నీళ్లు నిండాలి, తలుపు తెరుచుకోవాలి, అప్పుడే ముందున్న మట్టానికి చేరేది. డేవిస్ కప్ అంచెలు కూడా అలాంటివే. ఏడాదికి రెండు తలుపులు తెరుచుకుంటాయి, ఒకటి ఫిబ్రవరి చుట్టుపక్కల, ఇంకొకటి సెప్టెంబరులో.

అన్నిటికంటే పైన నవంబరులో ఒకే నగరంలో జరిగే ఎనిమిది జట్ల ఫైనల్స్. దాని కింద రెండు రౌండ్ల క్వాలిఫయర్స్. తొలి రౌండ్‌లో 26 దేశాలు ఆడితే 13 మిగులుతాయి, వాటికి గత ఏడాది రన్నరప్ తోడై 14 జట్లు రెండో రౌండ్ ఆడతాయి. అందులో గెలిచిన ఏడుగురితో పాటు కిందటి విజేత ఫైనల్స్‌కు వెళ్తుంది. 2025లో ఇదే పద్ధతి నడిచింది. ఫైనల్స్ బొలోన్యాలో జరిగాయి, ఇటలీ వరసగా మూడో ఏడాది కప్పు గెలుచుకుంది.

క్వాలిఫయర్స్ కింద వరల్డ్ గ్రూప్ 1, దాని కింద వరల్డ్ గ్రూప్ 2, ఇంకా కింద ఖండాల వారీ గ్రూపులు. గ్రూపుల మధ్య ప్లే-ఆఫ్‌లు.

మన జట్టు ప్రయాణం ఈ మెట్ల మీదే చూడాలి. 2024 ఫిబ్రవరిలో ఇస్లామాబాద్ వెళ్లి ప్లే-ఆఫ్‌లో పాకిస్తాన్‌ను 4-0తో ఓడించి వరల్డ్ గ్రూప్ 1లో నిలిచాం. 1964 తర్వాత మన డేవిస్ కప్ జట్టు పాకిస్తాన్‌లో అడుగుపెట్టింది అప్పుడే. సెప్టెంబరులో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ చేతిలో 0-4తో ఓడాం, మళ్లీ ప్లే-ఆఫ్‌కు జారాం. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలో టోగోను 4-0తో ఓడించి తిరిగి గ్రూప్ 1కు వచ్చాం. అటువైపు స్విట్జర్లాండ్ క్వాలిఫయర్స్ తొలి రౌండ్‌లో స్పెయిన్ చేతిలో ఓడి అదే అంచెకు దిగింది. ఇద్దరం బీల్‌లో కలిశాం. అక్కడ గెలవడంతో 2026 క్వాలిఫయర్స్ తొలి రౌండ్ తలుపు మనకు తెరుచుకుంది. అంటే అప్పటికి కప్పుకు ఇంకా ఎన్నో గెలుపుల దూరంలో ఉన్నాం, కానీ కప్పు కోసం ఆడే జట్ల వరసలోకి వచ్చాం. రెండూ నిజమే.

ఎవరి ఊళ్లో, ఏ నేల మీద

నన్నడిగితే ఈ పోటీలో అన్నిటికంటే ఆసక్తికరమైన నియమం ఇదే. రెండు దేశాలు ఇంతకుముందు తలపడి ఉంటే, అప్పుడు ఆతిథ్యం ఇచ్చిన దేశం ఈసారి బయటికి వెళ్లాలి. అసలు తలపడకపోతే డ్రా తీస్తారు. స్విట్జర్లాండ్‌తో మనం అంతకుముందు ఆడింది 1993లో కలకత్తాలో, 3-2తో గెలిచాం. అందుకే ముప్పై రెండేళ్ల తర్వాత వంతు వాళ్లదైంది.

ఆతిథ్యం దొరికితే ఊరొక్కటే కాదు, కోర్టు రకం కూడా వాళ్లిష్టమే. మట్టి కోర్టులో బంతి నెమ్మదిస్తుంది, ఎత్తుగా లేస్తుంది, ఓపిక ఉన్నవాడు గెలుస్తాడు. పచ్చికలో బంతి జారి కింద నుంచి దూసుకుపోతుంది, సర్వీసు బాగా వేసి నెట్ దగ్గరకు పరుగెత్తేవాడికి మేలు. ఐరోపా, దక్షిణ అమెరికా ఆటగాళ్లు మట్టి మీద పెరుగుతారు. మన తరతరాల ఆటగాళ్లకు పచ్చిక బలం. అందుకే కలకత్తా సౌత్ క్లబ్, ఢిల్లీ జింఖానా పచ్చిక కోర్టులు ఎన్నో ఏళ్లుగా మన ఆయుధాలు.

1966లో ఆ ఆయుధం ఏం చేసిందో చూడండి. కలకత్తాలో బ్రెజిల్‌తో పోరు 2-2 దగ్గర ఆగింది. ఆఖరి సింగిల్స్‌లో రామనాథన్ కృష్ణన్ బ్రెజిల్ ఆటగాడు థోమాజ్ కోచ్ చేతిలో రెండు సెట్లు పోగొట్టుకుని, నాలుగో సెట్‌లోనూ ఓటమి అంచు దాకా వెళ్లి తిరిగి లేచాడు. ఐదు సెట్లలో గెలిచి దేశాన్ని మొదటిసారి ఫైనల్‌కు చేర్చాడు. అప్పట్లో కప్పు చేతిలో ఉన్న దేశం ఫైనల్ ఒక్కటే ఆడేది, అదీ తన సొంత గడ్డ మీద. ఆ పద్ధతి 1972 దాకా పోలేదు. కాబట్టి ఫైనల్ మెల్‌బోర్న్‌లో. 1-4తో ఓడాం. ఆ ఒక్క పాయింటూ కృష్ణన్, జయదీప్ ముఖర్జీ జోడీ జాన్ న్యూకోంబ్, టోనీ రోచ్ అంతటి వాళ్లను ఓడించి తెచ్చింది.

1974లో విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్‌ల జట్టు కలకత్తాలో ఆస్ట్రేలియాను, పుణెలో సోవియట్ యూనియన్‌ను ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. ఎదురుగా దక్షిణాఫ్రికా. అక్కడి జాతి వివక్ష పాలనకు నిరసనగా మనం ఆడలేదు, కప్పు వాళ్లకు ఆట లేకుండానే వెళ్లింది. మనం గెలిచే అవకాశం అంతకంటే బాగా ఎప్పుడూ రాలేదని టెన్నిస్ తెలిసినవాళ్లు ఇప్పటికీ బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. ఆడకపోవడమూ న్యాయమైనదే అని నా నమ్మకం.

1987లో కథ తిరగబడింది. సెమీస్‌లో సిడ్నీ పచ్చిక మీద రామనాథన్ కృష్ణన్ కొడుకు రమేశ్ కృష్ణన్ తన రెండు సింగిల్సూ గెలిచి, ఆస్ట్రేలియా మీద వాళ్లింట్లోనే 3-2తో మనల్ని గట్టెక్కించాడు. ఫైనల్ స్వీడన్‌లో. గోథెన్‌బర్గ్‌లో ఇండోర్ హాలు లోపల మట్టి కోర్టు పరిచారు. మాట్స్ విలాండర్ జట్టు 5-0తో గెలిచింది. అదే పోరు మన పచ్చిక మీద పడి ఉంటే గెలిచేవాళ్లమని చెప్పలేం కానీ, 5-0 మాత్రం అయ్యేది కాదు.

అలాగని సొంత కోర్టే సర్వస్వం అనుకుంటే లెక్క తప్పుతుంది. 1993లో ఫ్రాన్స్‌లోని ఫ్రెజూస్‌లో మట్టి మీద ఫ్రాన్స్‌నే ఓడించాం. ఆ తర్వాత సెమీస్ చండీగఢ్‌లో పచ్చిక మీద ఆడి ఆస్ట్రేలియా చేతిలో 0-5తో చిత్తయ్యాం. 2019లో ఇటలీని కలకత్తా పచ్చికకు రప్పించినా 1-3తో ఓడాం. 2022లో ఢిల్లీ జింఖానా పచ్చిక మీద డెన్మార్క్‌ను 4-0తో ఓడించాం. సొంత కోర్టు ఇచ్చేది కొంత మొగ్గు మాత్రమే. ఎదుటివాడు మరీ బలవంతుడైతే అది చాలదు, సమానమైతే అదే తేలుస్తుంది.

2019 మార్పు: కొత్త పద్ధతి మనకు మేలా, కీడా?

1900లో డ్వైట్ డేవిస్ అనే హార్వర్డ్ విద్యార్థి అమెరికా, బ్రిటన్‌ల మధ్య బోస్టన్‌లో ఈ పోటీ మొదలుపెట్టించిన నాటి నుంచి ఒక శతాబ్దానికి పైగా టై అంటే మూడు రోజులు, ఐదు సెట్ల మ్యాచ్‌లు. 2018లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య సభ్య దేశాలు ఓటేసి దాన్ని మార్చాయి. ఫుట్‌బాలర్ జెరార్డ్ పికే సంస్థ కాస్మోస్ 25 ఏళ్లలో 300 కోట్ల డాలర్లు పెడతానంది. 2019 నుంచి పై అంచె జట్లన్నీ ఒకే నగరానికి వచ్చి, టైకి మూడే రబ్బర్లు ఆడాయి: రెండు సింగిల్స్, ఒక డబుల్స్, అన్నీ మూడు సెట్లే. కాస్మోస్ ఒప్పందం 2023 మొదట్లోనే తెగిపోయింది, ఫైనల్స్ రూపం మళ్లీ మళ్లీ మారింది. 2025లో సెప్టెంబరు గ్రూప్ దశ తీసేసి దాని చోట సొంత గడ్డ టైలను తిరిగి తెచ్చారు. ఫైనల్స్‌లో మూడు రబ్బర్ల పద్ధతి అలాగే ఉంది.

మార్పును సమర్థించేవాళ్ల మాటలో బలముంది. అగ్రశ్రేణి ఆటగాళ్లు ఏడాదంతా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరుగుతూనే ఉంటారు. వాళ్లను ఏడాదిలో నాలుగు వారాంతాలు ఐదు సెట్ల ఆటకు రమ్మంటే చాలామంది రాలేదు. పెద్ద పేర్లు లేకపోతే ప్రసారాల డబ్బు రాదు, డబ్బు లేకపోతే చిన్న దేశాల సంఘాలకు వచ్చే వాటా తగ్గుతుంది.

వ్యతిరేకించేవాళ్ల మాట కూడా అంతే గట్టిది. ఆస్ట్రేలియా మాజీ ప్రపంచ నంబర్ వన్ లేటన్ హ్యూయిట్ లాంటివాళ్లు దీన్ని బాహాటంగా తప్పుబట్టారు, ఆస్ట్రేలియా, బ్రిటన్ సంఘాలు వ్యతిరేకంగా ఓటేశాయి. 2019 ఫైనల్స్ జరిగిన మాడ్రిడ్‌లో రెండు పరాయి దేశాలు ఆడుతుంటే స్టాండ్లు బోసిపోయాయి. అక్కడే అమెరికా, ఇటలీల డబుల్స్ తెల్లవారుజామున 4 గంటల 4 నిమిషాలకు ముగిసింది. సొంత జనం అరుపులు లేని డేవిస్ కప్ డేవిస్ కప్పే కాదన్నది వాళ్ల వాదన.

మరి మన సంగతి? మన బలం చాలాకాలంగా డబుల్స్. గోదావరి జిల్లాల టౌన్ క్లబ్బుల్లో సాయంత్రం ఆడేది కూడా ఎక్కువగా డబుల్సే, కాబట్టి ఇక్కడివాళ్లకు ఆ బలం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. లియాండర్ పేస్ పేరు మీద 43 డేవిస్ కప్ డబుల్స్ విజయాలున్నాయి, అది ప్రపంచ రికార్డు. మహేశ్ భూపతితో కలిసి వరసగా 24 గెలిచాడు. రోహన్ బొపన్న 43 ఏళ్ల వయసులో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. పొరుగున కృష్ణా డెల్టాలోని ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2016లో ఢిల్లీలో పేస్‌తో కలిసి రఫేల్ నాదల్, మార్క్ లోపెజ్ జోడీ మీద మొదటి సెట్ గెలిచి, నాలుగు సెట్ల దాకా పోరాడి ఓడాడు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే, విషయం తేలడానికి. ప్రతి సింగిల్స్‌లో మనం గెలిచే అవకాశం 40 శాతం, డబుల్స్‌లో 70 శాతం అనుకుందాం. ఐదు రబ్బర్ల టైలో డబుల్స్ గెలిస్తే నాలుగు సింగిల్స్‌లో రెండైనా రావాలి. దాని అవకాశం సుమారు 52 శాతం. డబుల్స్ ఓడితే నాలుగింటిలో మూడు రావాలి, అది 18 శాతమే. రెండూ కలిపితే టై గెలిచే అవకాశం సుమారు 42 శాతం. మూడు రబ్బర్ల టైలో డబుల్స్ గెలిస్తే రెండు సింగిల్స్‌లో ఒకటి చాలు, అది 64 శాతం. డబుల్స్ పోతే రెండూ గెలవాలి, 16 శాతం. మొత్తం దాదాపు 50 శాతం. అదే జట్టు, అదే బలం. పద్ధతి మారితే అవకాశం ఎనిమిది శాతం పెరిగింది. ఐదింట ఒక వంతుగా ఉన్న డబుల్స్ మూడింట ఒక వంతు కావడమే కారణం.

అయితే దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన చరిత్రలోనే ఉంది. 2018 ఏప్రిల్‌లో చైనాలోని తియాన్‌జిన్‌లో మొదటి రోజు రెండు సింగిల్సూ ఓడాం. మూడు రబ్బర్ల పద్ధతైతే అక్కడితో ఇంటికి రావడమే. ఐదు రబ్బర్లు కాబట్టి మర్నాడు పేస్, బొపన్న డబుల్స్ గెలిచారు, పేస్‌కు ఆ 43వ విజయం అదే. తర్వాత రామ్‌కుమార్ రామనాథన్, ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్ రెండు సింగిల్సూ గెలిచి 3-2 చేశారు. డబుల్స్‌కు పొట్టి పద్ధతి బరువు పెంచుతుంది, పడి లేచే అవకాశాన్ని పొడుగు పద్ధతి ఇస్తుంది. మనం ఇప్పుడున్న అంచెల్లో ఐదు రబ్బర్లే, సొంత గడ్డ నియమమే. ఫైనల్స్ ఎనిమిదిలోకి చేరితేనే ఆ రెండూ మారతాయి.

ఆటగాళ్లు ఎందుకు రామంటారు

2016 నుంచి డేవిస్ కప్ ఆడితే ర్యాంకింగ్ పాయింట్లు లేవు. వందలోపు ర్యాంకులో లేని ఆటగాడికి పాయింట్లే జీవనం. పాయింట్లు తగ్గితే పెద్ద టోర్నీల్లోకి నేరుగా ప్రవేశం పోతుంది, దానితో ఆదాయం పోతుంది. కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు అన్నీ తన జేబులోంచే. ఒక టై అంటే ప్రయాణంతో కలిపి వారం పైనే, పైగా అంతదాకా ఆడుతున్న కోర్టు వదిలి ఇంకో రకం కోర్టుకు అలవాటు పడాలి.

2024 సెప్టెంబరులో ఈ గొడవ బయటపడింది. స్వీడన్ టైకి నగాల్ వెన్నునొప్పితో దూరమయ్యాడు. ఆడటానికి ఏడాదికి 50,000 డాలర్లు అడిగాడని అఖిల భారత టెన్నిస్ సంఘం బహిరంగంగా చెప్పింది. దేశం కోసం ఆడటానికి డబ్బు అడగడమేంటన్నది సంఘం ప్రశ్న. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు ప్రతిఫలం ఇవ్వడం అంతటా ఉన్న పద్ధతేనని, అందులో సొంత లాభం లేదని నగాల్ జవాబు. సంఘం దగ్గర క్రికెట్ బోర్డు దగ్గరున్నంత డబ్బు లేదన్నది నిజం. జట్టు గెలుపు మొత్తం ఒక్కడి సింగిల్స్ మీద ఆధారపడినప్పుడు అతని సీజన్ ఖర్చు ఎవరు మోయాలన్న ప్రశ్న కూడా నిజం. నా వరకు, ఆటగాడు అడగడంలో తప్పు కనిపించదు. తప్పల్లా అది ముందే కాగితం మీద తేలకుండా పత్రికల్లో తేలడంలో ఉంది. ఏడాది తర్వాత బీల్‌లో నిర్ణాయక పాయింట్ తెచ్చింది అదే నగాల్.

అమెరికాలో పుట్టిన మన పిల్లలు ఆడొచ్చా

పాలకొల్లులోనో తణుకులోనో టెన్నిస్ ప్రస్తావన వస్తే ఈ మధ్య ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇక్కడ దాదాపు ప్రతి వీధిలో ఒక ఇంటివాళ్లు అమెరికాలో ఉన్నారు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచిన రాత్రి నుంచి, "ఆ అబ్బాయి మనకు ఆడితే ఎంత బాగుండు" అనని తెలుగువాడు లేడు.

ఒకప్పుడు ఇలాంటి దారి ఉండేది. విదేశాల్లో పెరిగిన ప్రకాశ్ అమృత్‌రాజ్, మహిళల్లో శిఖా ఉబెరాయ్, సునీతా రావు భారత్ తరఫున ఆడారు. 2008 చివర్లో కేంద్ర క్రీడాశాఖ భారత పౌరసత్వం ఉన్నవాళ్లే జాతీయ జట్లకు ఆడాలని తేల్చింది. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు చాలదు. రెండు పాస్‌పోర్టులు ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఆడాలంటే అమెరికా పౌరసత్వం వదులుకోవాలి.

నియమం సడలించాలనేవాళ్లు చెప్పేది, నాలుగు సింగిల్స్‌నూ ఇద్దరే ఆడే పోటీలో ఒక్క మంచి ఆటగాడు దొరికినా జట్టు అంచె మారిపోతుందని. వద్దనేవాళ్లు చెప్పేది, అప్పుడు ఇక్కడ సొంత డబ్బుతో చిన్న టోర్నీలు తిరుగుతున్న కుర్రాడికి జట్టులో చోటు ఎలాగని. మన ఊళ్ల నుంచి టెన్నిస్ నేర్చుకోవాలంటే పిల్లల్ని విశాఖకో, విజయవాడకో, హైదరాబాద్‌కో పంపాల్సిందే, ఆ ఖర్చు మోసి పంపిన తల్లిదండ్రులకు రెండో వాదన ఎక్కువ తగులుతుంది. ఇప్పటికైతే నియమం మారలేదు. 2025లో స్విట్జర్లాండ్‌ను ఓడించినవాళ్లంతా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే, నిశేష్ అమెరికా జెండా కిందే ఆడుతున్నాడు.